మీసాల దొర

తోరుణ్‌లో, నాలుగో అంతస్తులో
మూడు రోజులుగా ఎవరికీ స్నానం లేదు.
తొట్టిలో చేప ఉంది,
క్రిస్మస్ ముందు రాత్రి విందుకని కొన్నది.
తాత తువ్వాలు భుజానేసుకుని
తలుపుదాకా వెళ్ళి తిరిగొస్తాడు.

యాగ్నా దానికి పేరు పెట్టేసింది:
మీసాల దొర.
"పేరున్నవాణ్ణి ఎలా వండను?"
దొమిత్సేలా అవ్వ సుత్తిని సొరుగులోకి తోసేసింది.

ఆ రాత్రి బీట్‌రూట్ చారులో
పుట్టగొడుగుల కుడుములు తేలాయి.
పుల్లటి క్యాబేజీ, గసగసాలు కలిపిన గోధుమలు.
వెన్న ఏదని తాత ఒక్కసారే అడిగాడు.
చెప్పకుండా వచ్చే అతిథికని
ఎప్పట్లాగే ఓ ఖాళీ పళ్ళెం.

ఈ రాత్రి మూగజీవాలకు మాటలొస్తాయని
అక్కడి పెద్దల నమ్మకం.
పన్నెండు కావస్తుంటే
తాత వెళ్ళి తొట్టి అంచున కూర్చున్నాడు,
తువ్వాలు ఇంకా భుజానే,
డెబ్బై పండుగల బాకీ
ఏ గొంతుతో అడుగుతాడోనని.