మేస్త్రికే తెల్వది

నల్లకుంట ల్యాబులో
నా ముప్పై కణాలు లెక్కపెట్టారట.
పంతొమ్మిదింట్లో ఎక్స్ వై,
పదకొండింట్లో ఒంటి ఎక్స్.
"మొజాయిక్" అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి.

అమ్మ చప్పున తలెత్తింది.
పద్దెనిమిదేళ్లు దోమలగూడ ఇళ్లల్లో
మొజాయిక్ గచ్చుకి పాలిష్ పట్టిన మనిషి.
"గా చిప్సు ఒక్కొక్కటి ఏరి పెడ్తరా ఎవరన్న?
తట్టతోని కుమ్మరిస్తం.
ఏది యాడ పడ్తదో మేస్త్రికే తెల్వది."

డాక్టరమ్మ నవ్వింది.
నేను నవ్వలేకపోయాను.
నా రెండేళ్లప్పుడు, ఆపరేషన్ కాగితం మీద
నాకు ఒకటే రంగు చాలని
వేలిముద్ర వేసింది ఈమే.

బర్కత్‌పురా స్టాపులో
బస్సు ఎంతకీ రాదు.
ఆ బొటనవేలిని కొంగులో చుట్టి, విప్పి,
మళ్లీ చుట్టి
అడిగింది, నా ఇరవై తొమ్మిదో ఏట:
"అప్పుడు బాగ నొచ్చిందా, బిడ్డా?"