వేడెక్కాక

పొద్దున్న బాగానే నడుస్తుంది.
అదే అసలు చిక్కు.
చల్లటి ఇంజను అబద్ధం చెప్పదు గానీ
నిజం మొత్తం చెప్పదు.

లెంక తవిటినాయుడి అంబాసిడరు,
పెళ్లికొడుకుల్ని మోసి మోసి నడుం వంగిన బండి.
నిలువునా విప్పి, బోరు చేయించి, రింగులు మార్చి,
వాల్వు గైడులు కొత్తవి కొట్టించి
నా చేతుల్తోనే బిగించాను.
తాళం తిప్పగానే అందుకుంది.
బొబ్బిలి పార్వతీపురం రోడ్డు మీద
టీకొట్టు జనం గ్లాసుల్తో సహా లేచి నిలబడ్డారు.

రామభద్రపురం సంతలో,
ఎడ్ల మధ్య ఇరుక్కుని
ఫస్టు గేరులో పాకుతూ పాకుతూ
దగ్గు మొదలెట్టిందట.
టక్. టక్. ఒక గుటక తప్పి, మళ్లీ టక్.
సైలెన్సరులోంచి ఒక పెద్ద తుమ్ము.
"గేదెలు బెదిరిపోనాయి మేస్త్రీ,
నా పరువు సంతలో పోనాది" అన్నాడు నాయుడు.

షెడ్డుకొచ్చేసరికి చల్లారిపోయి
నంగనాచిలా నిలబడింది.

మూడు రోజులు.
ప్లగ్గులు మార్చాను, పాయింట్లు గీకాను,
కార్బొరేటరు పెట్రోల్లో కడిగి ఆరబెట్టాను.
నాది కాని తప్పు ఎక్కడైనా దొరుకుతుందేమోనని
బండి చుట్టూ తిరిగాను.

నాలుగో రోజు, పనికి కుదిరి ఏడాది కాని గుంటడు
జోగులు అన్నాడు:
"ఏడెక్కించి సూద్దుమేటి?"

రేడియేటరుకి గోనెసంచి కప్పాం.
ముప్పావు గంట అలాగే ఉంచాం.
చెమట మాకు, ఆవిరి దానికి.
అప్పుడు వచ్చింది, టక్.

ప్లగ్గు తీగలు ఒక్కొక్కటీ పీకాను.
ఒకటోది పీకితే ఇంజను కుంగింది.
రెండోది, కుంగింది.
మూడోది పీకితే దానికి తెలియనే లేదు,
ఎప్పుడో మాట మానేసినవాడు లేచి వెళ్లిపోతే
ఇంట్లో ఎవరూ తల తిప్పనట్టు.

పైమూత విప్పి చూశాం.
ఏడు స్ప్రింగులు నొక్కుకుని లేస్తున్నాయి.
ఒక్కటి మాత్రం
నొక్కుకుని,
ఆలోచించి,
లేస్తోంది.

దాని మొదట్లో రెండు చుక్కలు డీజిలు వేశాను.
టక్ ఆగింది. గుంటడు నవ్వాడు.
నేను నవ్వలేదు, మందు కాదురా అది, సాక్ష్యం.
నిమిషంలో మళ్లీ మొదలు.

ఇంజను ఆపి, వేడి మీదే, ప్లగ్గు కన్నంలోంచి తాడు దూర్చాలి.
"గోగునార తేకు, పీచు లోపల రాలిపోద్ది" అంటే
మా ఇంటికి పరిగెత్తి దండెం నూలుతాడు విప్పుకొచ్చాడు
తడిబట్టలు గట్టు మీద పడేసి.
తాడు కుక్కి, పిస్టను పైకి తెచ్చి వాల్వుని ఆపి,
స్ప్రింగు తీసి, పిస్టను వెనక్కి దించితే
వాల్వు తన బరువుకి తనే జారాలి.
జారలేదు.
బొటనవేలితో తోశాను.
పాలు మరిచిన దూడలా మొండికేసింది.

గైడులు చేసింది లేతు దాలయ్య.
రెండేళ్ల కిందట ఒక లారీకి వదులుగా చేశాడని,
అది నల్లపొగ మేసుకుంటూ తిరిగిందని
మోటారు ఫీల్డంతా నవ్వింది.
ఈసారి హెడ్డు నా చేతిలో పెడుతూ అన్నాడు:
"పొగ మాటే ఉండదురా. గట్టిగా పట్టించినాను."

హెడ్డు మళ్లీ దింపి, గుంటడూ నేనూ
చెరోపక్క పట్టుకుని స్టేషను రోడ్డులో నడిచాం.
ఏం చెప్పాలో దారిపొడుగునా కూర్చుకున్నాను.
చెప్పాల్సిన పని పడలేదు.
వాల్వు తిప్పి చూశాడు, వెన్నలా తిరిగింది.
స్టవ్వు వెలిగించి గైడు కాల్చాడు, మళ్లీ తిప్పాడు.
సగంలో ఆగింది.

చాలాసేపు దాన్నే చూశాడు.
కళ్లద్దాలు తీసి తుడిచాడు, అవి శుభ్రంగానే ఉన్నాయి.
"బయపడి బిగించీసినాన్రా" అన్నాడు.

గుడ్డలో చుట్టిన రీమరు తీశాడు.
ఒక థౌ. ఊది, చూసి, ఇంకో సగం.
వెంట్రుకలో పావు కూడా లేని సందు,
ఇనుము వేడికి ఉబ్బితే ఒళ్లు విరుచుకోడానికి.
డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

మళ్లీ సంతరోజు.
ఫస్టు గేరు, ఎడ్లు, ఎండ.
జోగులు వెనకసీట్లో ఊపిరి బిగబట్టి వింటున్నాడు.
"ఏటి ఏసినావు మేస్త్రీ, కొత్త సామానా?"
"ఏమీ వెయ్యలేదు. కొంచెం తీసేశాం."
"తీసీసినదానికి డబ్బులేటి!"

ఒక గేదె కిటికీలోంచి లోపలికి చూసి
తల తిప్పుకుంది.