ప్రాక్టీసు బడి

ఏటా పత్తి పగిలే నెలల
కొత్త సార్లు వచ్చేటోళ్లు, మా మీద నేర్చుకునేతందుకు.
దేవరకొండ ట్రైనింగు కాలేజి,
దాని తోక మా బడి.

చీమ పాఠం నేను పదకొండు సార్లు విన్న.
పదకొండు చేతివణుకులు, పదకొండు తీర్ల చీమలు.
పాఠానికి ముందుగాల పల్లిపట్టీ పంచేటోళ్లు,
తెల్వకున్నా చెయ్యెత్తమని.
ఎత్తినం. తిన్న బెల్లానికి ద్రోహం చేస్తమా?

పాత ముచ్చట్లు మెస్సుల సాలమ్మ చెప్పేది:
మొదలు అది ఉర్దూ కాలేజట,
రజాకార్ల యాడాది సగం హాస్టలు ఖాళీ అయిందట,
ఆ తర్వాత తకిలీలొచ్చినయట,
సార్లందరు కలిసి వడికిన నూలు
ఒక్క అంగీకి సాలలేదట.

కేతావత్ హర్యా సారు పాఠం మర్చిపోయిండు.
వెనక బెంచి మీద సూపర్వైజరు, ఎర్ర పెన్సిలు.
సుద్దముక్క విరిగింది.
"వానని మీ ఇంట్ల ఏమంటరు?" అన్నడు ఆఖరికి.
తండా పోరగాళ్లు, ఎన్నడు నోరు తెరవనోళ్లు,
ఒక్కపారే లేసిండ్రు.
పెన్సిలు కదల్లే.
మంచికో చెడ్డకో, నాకిప్పటికీ తెల్వదు.

నల్లగొండల కొత్త కాలేజి పడ్డంక దీనికి తాళం.
ఇప్పుడు బియ్యం గోదాం.
నేను హమాలీని.

మూడో తరగతిల నాలుగు వందల బస్తాలు.
మొన్న ఓ వరుస దింపితే
గోడకు పెయింటుతో ఏసిన చీమ,
కాళ్లు ఐదే.
ఆరోది ఏసేలోపు
గంట కొట్టినట్టున్నరు.