ఒక రేకు తక్కువ

షెడ్డులో హీటరు దగ్గుతోంది.
తౌనో ఫోర్కు విప్పి
నల్లబడ్డ నూనెను టిన్నులోకి వంచాడు.
ఉల్లిపొర లాంటి ఉక్కు రేకుల్ని
వేలికొన మీద ఒక్కొక్కటే ఎత్తి
కళ్ళజోడు నుదుటికి తోసి చూశాడు.

"ఇది నా బరువుకి పేర్చింది,
ఇసుకలో దూకే రోజుల్లో.
నీది అడవి. తడి వేర్లు.
ప్రతి వేరుకీ మణికట్టు జవాబు చెప్పక్కర్లేదు."

హెల్కా ఏమీ అనలేదు.
అరచేతి బొబ్బల్ని ఊదుకుంది.

ఒక రేకు తీసి జేబులో వేసుకున్నాడు.
కొత్త నూనె. బుడగలు పోయేదాకా
పైకీ కిందికీ, చల్ల చిలికినట్టు.

సాయంత్రం కైనూ అడవిలోంచి
బురదై వచ్చింది.
"పెద్ద రాయి దగ్గర ఇంకా కొడుతోంది."
"మరి వేర్లు?"
"ఏ వేర్లు?"

తౌనో జేబులోని రేకుని
గోటితో తడిమాడు.