అరగంట నీళ్లు

రాత్రి రెండుంబావుకు నా వంతు.
పది నిమిషాలు ముందుగాలనే
కాలువ గట్టు మీద కూసున్న,
ఒళ్లె పార పెట్టుకొని.

రుస్తాక్ కొండల కింద ఈ ఊర్లె
నీళ్లను గడియలతోని కొలుస్తరు.
అరగంటకు అథర్ అని పేరు.
వెనుకట చుక్కలు చూసి తూము తిప్పేటోళ్లట.
నీళ్ల పెద్ద ఖల్ఫాన్ ఇప్పటికీ
చేతిగడియారం చూసినంక
ఒకసారి తలెత్తి ఆకాశాన్ని అడుగుతడు,
గడియారం అబద్ధమాడిందేమో అని.

మా జువైనమ్మకు వారానికి మూడు అథర్లు.
తాత ఇచ్చింది ఒకటి, మొగడు ఇచ్చింది ఒకటి,
మూడోది వెండి కడియాలమ్మి కొన్నది.
భూమికి ఒక కాయితం, నీళ్లకు ఒక కాయితం.
నీళ్లకు కాయితముంటదని
ఈడికొచ్చినంకనే తెలిసింది నాకు.
మా మెట్‌పల్లి దిక్కు మోటరే కాయితం.
ఎవని మోటరు పెద్దదైతే వాని దస్కతు పెద్దది.

మూడంతస్తుల తోట ఇది.
మీద ఖర్జూరాలు పందొమ్మిది.
నడుమ నిమ్మ, రెండు మామిళ్లు,
కాసీ కాయనట్టు ఒక దానిమ్మ.
కింద గడ్డి, ఎల్లిగడ్డ, మెంతికూర,
అడగకుండ నేను పెట్టిన బొబ్బర్లు.
ఎండ పైనోళ్లను కొట్టి కొట్టి అలిసి
కిందికొచ్చేసరికి ఉత్త ఎలుగైతది.

పోయిన ఎండకాలం కాలువ సన్నవడ్డది.
తొడంత పారే నీళ్లు మణికట్టంతయినయ్.
పదమూడో చెట్టుకాడికి పోయేసరికే
అరగంట అయిపోయేది.
అల్లుడు హమూద్ కారు దిగి
బోరేద్దామన్నడు,
పర్మిషన్ సంగతి నేను చూసుకుంటనన్నడు.
ఆమె నా దిక్కు చూసింది.

నాకొచ్చిన అరబ్బీ నలభై మాటలు,
అండ్ల సగం పనిముట్ల పేర్లు.
ఏమని చెప్పాలె?
ఏడు వేళ్లు చూపిచ్చిన.
పిడికిలి మూసి నేలల పొడిసి
ఖాళీ చెయ్యి పైకి తీసి
దుమ్ము ఊదిన.
ఏడు సార్లు ఊదిన.
మూడోసారికి హమూద్ నవ్విండు.
ఐదోసారికి నవ్వలే.

జువైనమ్మ కహ్వా పోసింది,
అల్లునికన్న ముందు నాకు.
చేదు. నాకింక అలవాటు కాలే.

తర్వాత చేసినయి పెద్ద పనులేం గావు.
గడ్డిమడి సగం ఎండవెట్టినం,
రెండు మేకలు అమ్ముడువోయినయ్,
ఆ దినం ఆమె నాతోని మాట్లాడలే.
ఎండిన మట్టలు నరికి పాదులల్ల పరిచిన.
కాలువ పగుళ్లకు సున్నం మెత్తిన.
కొత్త నిమ్మమొక్కలను
ఖర్జూరం పాదులల్లకే జరిపిన,
ఒక్క గిలాసల ఇద్దరు తాగినట్టు.
మూడు నిమ్మలు సచ్చిపోయినయ్.
లెక్కల అవి గూడ రాయాలె.

రెండుంబావు.
పైతోటల మొఫిజుల్ టార్చి ఊపిండు.
అడ్డం పెట్టిన రాయి జరిపి గుడ్డ పీకిన.
ముందు చప్పుడొస్తది,
ఎనుక చల్లదనం,
నీళ్లు కనవడేది ఆఖరికి.

పోన్ల పోసవ్వ. అక్కడ పావుతక్కువ నాలుగు.
"నిద్ర లేదా నీకు?"
"మామిడి మొదట్ల బొబ్బర్లు పెట్టు,
మట్టలు నరికి కప్పు" అన్న.
"మనకు ఖర్జూరం మట్టలేడియి?"
"ఈతచెట్లు లేవా? ఇవి వాటి అక్కలే."
ఆమె నవ్విందో, దగ్గిందో,
నీళ్ల సప్పుడుల సరిగ్గ ఇనవడలే.

పందొమ్మిదో చెట్టు పాది నిండింది.
ఇంక నాలుగు నిమిషాలున్నయ్.
సంవత్సరంల మొదటిసారి
నా చేతుల ఎక్కువున్న నీళ్లు.
దానిమ్మకు ఇంకో దఫా పెట్టొచ్చు,
నా కాళ్లు కడుక్కోవచ్చు.
పార అడ్డం పెట్టి తూము మూసిన.
కింది తోట ఎవరిదో నాకు తెల్వది.
నీళ్లకు తోవ తెలుసు.

చీకట్ల ఖల్ఫాన్ గడియారం చూసిండు,
ఆకాశం చూసిండు,
రెండిట్ల ఏదో ఒకటి తప్పని
గొణుక్కుంట పోయిండు.