తేలినవి నూనెకి

మినీబస్సు దింపేసి పోయాక తెలిసింది,
గ్రెనడా పడమటి అంచున ఈ ఊరంటే ఒక్క వీధని.
ఇటు సముద్రం, అటు కొండ,
మధ్యలో మనుషులకి మిగిలింది ఇంతే.

పొద్దున్నంతా నీళ్లమీద వెల్లకిలా పడున్నాను.
చెవుల్లో ఉప్పు, రెప్పలమీద ఎండ.
వలలు లాగేవాళ్లు నన్ను చుట్టి వెళ్లారు
దారికడ్డంగా పడుకున్న దూడని తప్పుకున్నట్టు.

మధ్యాహ్నం వాన.
తలదాచుకోడానికి దూరిన రేకులషెడ్డులో
గోడలకి పట్టేసిన జాజికాయ వాసన.
పసితనంలో సానమీద అరగదీసి
నాలిక్కి రాసిన రవ్వంత ఘాటు,
ఇక్కడ దానికి టన్నుల లెక్క.

తొట్టి ముందు బల్లమీద యూఫీమియా.
ముప్ఫయ్యొక్కేళ్లుగా ఇదే బల్లట.
గుప్పెడు కాయలు నీళ్లలోకి విసిరింది.
కొన్ని అడుక్కి పోయాయి, కొన్ని పైకొచ్చాయి.
"మునిగినవి మంచివి, ఓడెక్కుతాయి.
తేలినవి నూనెకి."

మళ్లీ చెప్పించుకున్నాను.
మా భాషలో కొంప మునుగుతుంది,
వ్యాపారం మునుగుతుంది,
నిండా మునిగినవాడికి చలేమిటంటాం.
మునిగి బాగుపడ్డది ఒక్కటీ గుర్తురాలేదు.
ఆమె నవ్వింది. పైపన్ను ఒకటి లేదు.
"పొద్దున నువ్వు తేలడం చూశాన్లే."

తుపాను సంగతి అడక్కుండానే చెప్పింది.
"ఐవన్" అంది, పక్కింటి తాగుబోతు పేరు చెప్పినట్టు.
ఒక్క పూటలో కొండమీది చెట్లన్నీ పడుకున్నాయి.
మళ్లీ నాటారు.
జాజిమొక్క ఆడదో మగదో
ఏళ్లు గడిచి పూస్తేగాని బయటపడదు.
వాళ్లాయన కార్విన్ అన్నాళ్లు సాకిన వాటిలో
సగం మగవే.
"నరికేశాడా?"
"ఎందుకూ? నీడకి ఉంచాడు.
ఆ నీడలో కూర్చునే పోయాడు."
చేతులు మాత్రం ఆగలేదు, కాయలు ఏరుతూనే ఉన్నాయి.

బయట ఓ కుర్రాడు గోనెసంచులమీద
రేకు అచ్చు పెట్టి రాటర్‌డామ్ అని అద్దుతున్నాడు.
చివరి అక్షరం ప్రతిసారీ కారిపోతోంది.

రాత్రి వీధిలో చేపలు కాలుతుండగా కరెంటు పోయింది.
ఎవరూ అయ్యో అనలేదు.
బొగ్గుల వెలుగులో, ఆకుపచ్చ గౌనులో
యూఫీమియా డొమినోల బల్ల దగ్గర
ఎవరితోనో గట్టిగా తగువాడుతోంది.
నన్ను చూసింది. గుర్తుపట్టలేదో, తీరిక లేదో.

మర్నాడు బస్సుకి గంట ముందు
మళ్లీ నీళ్లలోకి దిగాను.
ఊపిరంతా వదిలేసి అడుక్కి పోదామని చూశాను.
మోకాళ్లు ఇసుకకి తగిలాయి. అంతే లోతు.
ఎవరైనా చూశారేమోనని ఒడ్డంతా వెతికాను.

చొక్కా తొడుక్కుంటుంటే జేబులో
ఆమె నిన్న ఊరికే ఇచ్చిన కాయ.
తేలినదే.
గోరుతో గీకి చూశాను,
వాసనకేం తక్కువ లేదు.