లేని వంతెనకు వడ్డీ

తుఫాను వెళ్ళిన పదకొండో రోజు
మంత్రిత్వశాఖ రెండో అంతస్తులో
పైకప్పు లేని గదిలో కూర్చుని
కూడికలు చేస్తున్నాను.
కంప్యూటర్లు నీళ్ళు తాగి ఉబ్బాయి.
కాగితం, పెన్సిలు,
ఎగిరిపోకుండా లెడ్జరు మీద ఒక పెంకు ముక్క.
అది కూడా మా కప్పుదే.

గ్రెనడా చిన్న దేశం,
పటంలో అచ్చుతప్పులా కనిపిస్తుంది.
మా ఏడాది సంపాదననంతా
గాలి ఒక్క మధ్యాహ్నం, రెండున్నరకీ ఐదింటికీ మధ్య
తినేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా పోయింది.

బీమా ఉంది. లేదని ఎవరన్నారు?
ఏటా మే నెలలో బడిపిల్లల పుస్తకాల డబ్బు ఆపి మరీ
ప్రీమియం కట్టాం.
అది ఇళ్ళని చూసే బీమా కాదు, గాలిని చూసే బీమా.
ఎవరూ టేపు పట్టుకుని రారు,
కూలిన గోడ ముందు నిలబడి నీళ్ళు నమలరు.
సముద్రాన్ని గడులుగా గీసి
ఏ గడిలో ఎంత గాలి అని
ఎక్కడో ఒక యంత్రం లెక్క కడుతుంది.
పద్నాలుగు రోజుల్లో డబ్బు వస్తుంది.
నిజంగానే వస్తుంది, మాట తప్పరు.
కాకపోతే మా గడిలో గాలి
ఒప్పందం గీతని దాటింది కొద్దిగానే అట.
ఫోనులో ఆ మాట చెప్పిన కుర్రాడు
గొంతు తగ్గించి, "మేడమ్, మీ ఇల్లు?" అన్నాడు.
"దానికి గడి లేదు బాబూ" అన్నాను.

విమానాశ్రయం పక్కన
గాలిని కొలిచే గిన్నెల చక్రం ఉండేది.
నూట ముప్ఫై దగ్గర అదీ ఎగిరిపోయింది.
ఆ తర్వాత వీచిందంతా
సాక్షి లేని గాలి.

డబ్బు శుక్రవారం ఉదయం ఖజానాలో పడింది,
శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళిపోయింది.
ఎక్కడికంటే,
పోయినసారి తుఫాను తరవాత
గుయావ్ ఏటి మీద వంతెనకని చేసిన అప్పుకి
వడ్డీ గడువు ఆరోజే.
వంతెన ఇప్పుడు లేదు.
వడ్డీ మాత్రం చెక్కుచెదరలేదు.
గాలివానకి తట్టుకునేలా కట్టింది
మా దేశంలో అదొక్కటే.

అప్పుపత్రం నలభై ఒకటో పేజీలో
ఒక దయగల వాక్యం ఉంది:
విపత్తు వస్తే రెండేళ్ళు ఆగుతాం.
వచ్చిందని ముందు వాళ్ళు ఒప్పుకోవాలి.
అందుకే ఈ కూడికలు.

బీమా సంస్థకి బీమా ఇచ్చే సంస్థ ఒకటి,
దానికీ బీమా ఇచ్చేది ఇంకొకటి.
మా నష్టం మెట్టు మెట్టుకీ సన్నబడి
చివరికి జ్యూరిక్‌లో ఎవరి కాఫీ కప్పు పక్కనో
దశాంశ బిందువు తర్వాత మూడో అంకె అయింది.
వచ్చే ఏటి ప్రీమియం
అవే మెట్లు దిగుతూ లావెక్కి వస్తోంది.
ఉత్తరం మర్యాదగానే ఉంది:
మీరు క్షేమమని తలుస్తాము.

కత్‌బర్ట్ నోయెల్ మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు.
డెబ్భై ఒక్క ఏళ్ళు.
జేబులోంచి మూడు జాజికాయలు తీసి
బల్ల మీద పెట్టాడు.
ఎర్రటి జాపత్రి ఇంకా వాటిని వదల్లేదు.
"నూట అరవై చెట్లు. రాసుకో."
చెట్టుకి ఇంతని పట్టికలో ధర ఉంది.
గుణించాను.
అతను నా పెన్సిలు కేసే చూస్తున్నాడు.
"జాజిమొక్క ఆడదో మగదో
పూత పూసేదాకా చెప్పదమ్మా.
ఆరేడేళ్ళు సాకాక సగం మగవని తేలుతుంది.
కొట్టేసి మళ్ళీ నాటాలి.
ఆ నూట అరవై నిలబడ్డానికి
నేను నాటినవెన్నో
నీ పట్టికలో ఉందా?"

లేదు.

"సరే" అన్నాడు. మొక్కలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.
అదీ నాకు తెలీదు.

అతను వెళ్ళాక పెంకు ముక్క తీసేసి
లెడ్జరు మీద ఆ మూడు కాయల్నీ పెట్టాను.
సాయంత్రం గాలి లేచింది.
మామూలు గాలే, బట్టలారేసుకునే గాలి.
కాగితాల అంచులు కదిలాయి.
గంటకి ఎన్ని మైళ్ళో అనుకున్నాను,
పెన్సిలు కోసం వెతుక్కుంటూ.